కష్టకాలమున వినోదము

కడుపు కాలుచున్న దినములలో వినోదమేల యని కొందరు ప్రశ్నింతురు. వినోదమున్నను అది జీవితమును ఉన్నదున్నట్లు చూపవలయునే గాని మాయామందిరములతో మభ్యపెట్టరాదని మరికొందరందురు. ఈ మాటలను కొంత విచారించి చూతము.

1929లో అమెరికాయందు ఆరంభమైన ఆర్థికమాంద్యము ప్రపంచమంతట వ్యాపించెను. ఆంధ్రదేశమునను ధాన్యపు ధర పడిపోయెను. పండించిన రైతు శిస్తు చెల్లింపలేక అప్పులపాలయ్యెను. ఆ దశాబ్దము చివర, 1939లో, గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ' చిత్రము వెలువడెను. జమీందారీ గ్రామమున రైతు పడు పాట్లను అది తెరపై చూపెను. తన బాధ తన యొక్కనిదే కాదని గ్రహించినవానికి ధైర్యము కలుగును. యథార్థచిత్రణమునకు గల బలమిదియే. జమీందారులు ఆ చిత్రమును వ్యతిరేకించుటయే ఇందులకు సాక్ష్యము.

అట్లయిన కల్పనాకథలు వ్యర్థములా? 1951లో కె.వి. రెడ్డిగారి 'పాతాళభైరవి' వెలువడెను. నాడు బియ్యమునకు రేషను పద్ధతి యుండెను. రాయలసీమ అనావృష్టితో అల్లాడుచుండెను. అయినను జనులు తండోపతండములుగా ఆ చిత్రమును చూచిరి. ధనము లేని తోటరాముడు రాకుమారిని పొందగోరి, అడిగినదెల్ల నిచ్చు ప్రతిమను సాధించును. ఇది పలాయనమే యనవచ్చును. కాని ప్రతిమ చేజారగానే మేడతో సహా రాకుమారి మాయమగును. పిమ్మట అతనిని గట్టెక్కించినవి తన సాహసమును, మిత్రుని తోడును. నేలటిక్కెట్టుకై అణాలు లెక్కపెట్టుకొన్న కూలివానికి అట్టి కథ కొన్ని గంటల విశ్రాంతి నిచ్చినచో తప్పేమి? అలసిన ఎద్దునకు సైతము కాడి దింపుదుము గదా!

ఈ రెండు మార్గములును కలియవచ్చును. మాంద్యకాలమున, 1936లో, చార్లీ చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' అను చిత్రమున యంత్రమునకు బానిసయైన కార్మికుని, ఆకలికి రొట్టె దొంగిలించిన అనాథబాలికను చూపుచునే ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించెను. ఆ నవ్వు వారి ఆకలిని అపహసింపలేదు.

కావున దోషము కల్పనలో లేదు. పేదవానిని నవ్వులపాలు చేయుటయు, అదృష్టమే అన్నియు చక్కబెట్టునని నమ్మించుటయు దోషములు. గుడిసెను చూపిన చిత్రమైనను ఈ దోషములు కలిగియుండవచ్చును. మాయామందిరమును చూపినది లేకుండవచ్చును. వినోదశాలనుండి వెలుపలికి వచ్చిన మనుష్యుడు మరునాటి పనికి మరింత సత్తువతో పోగలిగెనా, పొరుగువాని కష్టమును మరింత ఎరుగగలిగెనా యని విచారింపవలయును. బాలబాలికలారా! మీరు చూచు ప్రతి వినోదమును ఈ గీటురాతిపై పరీక్షించుడు.