స్టార్టర్ ఆఫ్ అయితే కరెంటు పోయినట్టు కాదు

నేడు చాలామంది రైతుల బోర్ల దగ్గర ఆటో స్టార్టర్లు, సెల్‌ఫోనుతో నడిచే స్టార్టర్లు కనిపిస్తున్నాయి. చీకట్లో, పురుగూ పుట్రా మధ్య పొలానికి పోయే బాధ తప్పింది. ఈ సౌకర్యాన్ని ఎవరూ కాదనరు. అయితే మెయిన్ స్విచ్, ఎర్త్ గుంత లేకుండానే డబ్బా బిగించేస్తున్నారు. ఈ రెండూ లేనిదే కొత్త స్టార్టర్ పెట్టుకోవద్దని మా మాట.

ఎందుకంటారా? పాత స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కితే మోటారు ఆగేది. మళ్లీ మనిషి వెళ్లి పచ్చ బటన్ నొక్కేదాకా లేచేది కాదు. ఆటో స్టార్టర్ అలా కాదు. కరెంటు పోయి వస్తే దానంతట అదే మోటారు వేస్తుంది. సెల్ స్టార్టరైతే ఇంట్లో ఎవరు ఫోను నొక్కినా లేస్తుంది. మీరు కేబుల్ జాయింటు విప్పి చేత్తో పట్టుకున్నప్పుడే ఇది జరిగితే ఏం కావాలి? పైగా స్టార్టర్ ఆఫ్‌లో ఉన్నా లైను నుంచి డబ్బా దాకా మూడు ఫేజుల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడిన మనిషికి ఒక్క ఫేజు తగిలినా ప్రాణాపాయమే.

'ఫ్యూజులు ఉన్నాయి కదా' అని కొందరంటారు. ఫ్యూజు వైరును, మోటారును కాపాడటానికే. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు కరెంటు చాలు. అంతమాత్రానికి ఫ్యూజు కాలదు.

కాబట్టి డబ్బాకు ముందు మెయిన్ స్విచ్ పెట్టించండి. డబ్బా తెరిచే ముందు దాన్ని ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. లోపల కెపాసిటర్ ఉంటే కరెంటు తీసినా కొంతసేపు షాక్ కొడుతుంది, ముట్టుకోవద్దు. గుంత తీసి జిఐ పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి, ఇనుప డబ్బాకు, మోటారుకు ఎర్త్ వైరు బిగించాలి. ఎండాకాలంలో గుంతలో నీళ్లు పోస్తుండాలి. దీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి కూడా పెట్టించుకుంటే, కరెంటు లీకైన వెంటనే అదే లైను కట్ చేస్తుంది.

వేలాడే తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు విద్యుత్ సంస్థను నిలదీయాల్సిందే. 1912కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. కానీ డబ్బా మనది, చెయ్యి మనది. స్టార్టర్ అమ్మే దుకాణదారు, బిగించే మెకానిక్ కూడా ఎర్త్ సంగతి అడగకుండా పని ముగించడం న్యాయం కాదు. 'ఎర్త్ పెట్టాకే డబ్బులు' అని మీరే గట్టిగా చెప్పండి.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి. వీలు కాకపోతే ఎండు కర్రతో నెట్టి, 108కి ఫోను చేయండి.

ఈసారి మడికి నీళ్లు కట్టే ముందు ఒకసారి మీ డబ్బా కింద చూడండి. ఎర్త్ వైరు ఉందా? ఉంటే తెగకుండా ఉందా?