పాదం మోపే ముందు

గత సంచికలో ఈ శీర్షికన ఇంటి ఇన్వర్టరు బ్యాటరీల సంరక్షణ గురించి ముచ్చటించుకున్నాము. ఆ సంచిక అందిన కొద్ది రోజులకే మన సంస్థ ప్రాజెక్టు ప్రాంతం నుంచి ఒక సహోద్యోగి మాకు ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయి ఇంజనీరింగు చదువుతూ తీరిక వేళల్లో గిటారు వాయిస్తుందట. "మా అమ్మాయి వద్ద డిజిటల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉన్నది. దానికొక మిడి ఫుట్ కంట్రోలర్ కావాలని అడుగుతున్నది. బజారులో చూస్తే రకాలు అనేకం, ధరలు అనేకం. ఏది కొనవలెనో తెలియజేయగలరు" అని వారి కోరిక.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత మాకు సంగీత జ్ఞానం వల్ల లభించినది కాదు, ఒక పొరపాటు వల్ల లభించినది. కావున ముందుగా ఆ పొరపాటును పాఠకుల ముందు ఉంచడమే న్యాయం.

కొన్నేళ్ళ క్రితం ఉగాది నాటి మాట. అప్పట్లో మేము టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బు సాంస్కృతిక విభాగానికి కన్వీనరుగా ఉండేవాళ్ళము. క్లబ్బు ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించే కుర్రవాడు మెకానికల్ విభాగంలో అప్రెంటిస్. అతని ప్రాసెసర్ వెనుక బల్లమీద ఉండేది. ఒక పాటకు మృదువైన స్వరం, మరొక పాటకు గరగరలాడే డిస్టార్షన్ కావలసి వచ్చినప్పుడల్లా వాయిద్యం ఆపి, వెనుకకు తిరిగి, బొత్తాము నొక్కవలసి వచ్చేది. సభ్యులందరూ తలా కొంత వేసుకుని ఒక ఫుట్ కంట్రోలర్ తెప్పించారు. కాలితో నొక్కితే చాలు, అది తీగ ద్వారా ప్రాసెసర్‌కు ఆదేశం పంపుతుంది.

పార్సెల్ ఉగాది నాటి మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చినది. కార్యక్రమం ఆరున్నరకు. "సార్, దీనిని రెండు రోజులు వాయించి చూడనివ్వండి. ఈ రోజుకు పాత పద్ధతిలోనే కానిస్తాను" అన్నాడు కుర్రవాడు. మేము వినలేదు. డబ్బు ఇచ్చినవారంతా ముందు వరుసలో కూర్చుంటారు, పరికరం వేదికమీద కనబడకపోతే ఏమనుకుంటారు అన్నాము. చివరి పాట ఒక్కదానికైనా వాడమని పట్టుబట్టాము. అతడు తలవంచి ఒప్పుకున్నాడు. వేదికమీద పిల్లల నృత్యాల రిహార్సలు సాగుతున్నందున శబ్దం పెట్టి పరీక్షించే వీలు కలుగలేదు. దీపం వెలిగినది, అంకెలు మారినవి. అంతటితో సరిపెట్టుకున్నాము.

ఆ చివరి పాట 34 ఏళ్ళ సర్వీసు ముగించుకుని పదవీ విరమణ చేస్తున్న ఒక సీనియర్ ఫోర్‌మన్ గారికి వీడ్కోలుగా ఉద్దేశించినది. గిటారు మీద సన్నని మీటుతో మొదలు కావాలి. కుర్రవాడు అయిదవ బొత్తాము నొక్కి తీగ మీటాడు. లారీ ఇంజను మొరాయించినట్లు ఒక గర్జన హాలంతా నిండినది. పిల్లలు నవ్వారు, పెద్దలూ నవ్వారు. ఫోర్‌మన్ గారు నవ్వలేదు. కుర్రవాడు వెనుకకు తిరిగి, వణికే వేళ్ళతో సరిచేసుకుని, పాట మళ్ళీ మొదలుపెట్టాడు గానీ ఆ పాట ఇక నిలబడలేదు. తెర వెనుక పదిమంది ఎదుట "ముందే సరిచూసుకోవద్దా?" అని మేము అతనిని గద్దించాము. అతడు బదులు చెప్పలేదు. మరుసటి వారం నుంచి ప్రాక్టీసుకు రావడం మానివేశాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా మా శ్రీమతి ఒకే మాట అడిగినది: "మీ ప్లాంటులో ఏదైనా ఆగిపోతే ఎదురుగా ఉన్న మనిషిని తిట్టి ఊరుకుంటారా, కారణం వెతుకుతారా?" ఆ రాత్రి రెండు పరికరాల మాన్యువళ్ళు ముందు వేసుకుని కూర్చున్నాము. అప్పుడు నేర్చుకున్నదే ఈ నెల శీర్షిక.

మిడి అనేది సంగీత పరికరాలు పరస్పరం మాట్లాడుకునే భాష. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక వాణిజ్య ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒకే తీగతో కలిపి వాయించి చూపారు. ఒకటి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600, రెండవది జపాను రోలండ్ వారి జూపిటర్-6. పోటీ కంపెనీలు ఒక ప్రమాణం మీద ఏకాభిప్రాయానికి రావడం ఎంత కష్టమో మన వృత్తిలోని వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇందుకు కృషి చేసిన డేవ్ స్మిత్, ఇకుటారో కకెహాషీలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించినది.

ఈ తీగలో ధ్వని ప్రయాణించదు. అంకెలు మాత్రమే ప్రయాణిస్తాయి. వేగం సెకనుకు 31,250 బిట్లు. మన కంట్రోలు రూములలోని 4–20 మిల్లీ ఆంపియర్ల లూపు వలెనే ఇదీ కరెంటు లూపే, సుమారు 5 మిల్లీ ఆంపియర్లది. అందుకునే వైపు ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది గనుక రెండు పరికరాల ఎర్తులు కలిసి హమ్ పుట్టే ప్రమాదం తప్పుతుంది. తీగ 15 మీటర్లు మించరాదని నియమం. మామూలు క్లబ్బు వేదికకు ఇది చాలును.

గిటారు వాద్యకారునికి ముఖ్యంగా అవసరమయ్యే ఆదేశాలు రెండే. మొదటిది ప్రోగ్రామ్ చేంజ్. "ఫలానా నెంబరు ప్యాచ్‌ను పిలువు" అని దీని అర్థం. రెండవది కంట్రోల్ చేంజ్. "ఇప్పుడున్న ప్యాచ్‌లోనే డిలే తెరువు, డిస్టార్షన్ ఆపు, వాల్యూము ఇంత ఉంచు" అని దీని అర్థం. ఈ రెంటికీ తేడా తెలిసినవారు సగం డబ్బు ఆదా చేసుకున్నట్లే.

ఎందుకనగా, ప్రోగ్రామ్ చేంజ్ ఆదేశం రెండు బైట్లు మాత్రమే. తీగలో అది ప్రయాణించే కాలం 0.64 మిల్లీసెకను. అయినప్పటికీ నొక్కిన తరువాత స్వరం క్షణకాలం తెగిపోవడం మనం వింటాము. తప్పు తీగది కాదు, కంట్రోలర్‌ది కాదు. ప్రాసెసర్ పాత ప్యాచ్‌ను దించి కొత్తదానిని ఎక్కించుకోవడానికి పట్టే వ్యవధి అది. అప్పటివరకు మ్రోగుతున్న ప్రతిధ్వని కూడా చాలా ప్రాసెసర్లలో అక్కడే తెగిపోతుంది. ఎంత ఖరీదైన కంట్రోలర్ కొన్నా ఈ లోపం పోదు. పాట మధ్యలో మార్పులు కావాలంటే ఒకే ప్యాచ్‌లో అన్నీ అమర్చుకుని కంట్రోల్ చేంజ్‌తో తెరచి మూయడమే మార్గం. ప్రోగ్రామ్ చేంజ్‌ను పాటకు పాటకు మధ్య ఉంచుకోవాలి. అందువల్ల కంట్రోల్ చేంజ్ పంపలేని చౌకరకం కంట్రోలర్‌ను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దు.

ఇక ఎంపిక సంగతి. కంట్రోలర్‌ల జాబితాకు ముందు ప్రాసెసర్ మాన్యువల్ తెరవండి. చివరి పేజీలలో మిడి ఇంప్లిమెంటేషన్ చార్ట్ అనే పట్టిక ఉంటుంది. ప్రాసెసర్ ఏ ఆదేశాలను గుర్తిస్తుందో అందులో వ్రాసి ఉంటుంది. పంపు కొనేటప్పుడు డేటా షీటు చూడకుండా ఇండెంటు మీద సంతకం చేయని మేము, ఈ పట్టికను చూడకుండానే సభ్యుల డబ్బు ఖర్చు పెట్టాము. ఉదాహరణకు లైన్ 6 వారి హీలిక్స్‌లో ఒక్కొక్క ప్రీసెట్‌కు ఎనిమిది స్నాప్‌షాట్లు ఉంటాయి. 69వ నెంబరు కంట్రోల్ చేంజ్‌తో 0 పంపితే మొదటి స్నాప్‌షాట్, 7 పంపితే ఎనిమిదవది వస్తుంది. ఇటువంటి వివరాలు తెలిసిన తరువాతనే మన కంట్రోలర్‌కు ఏమేమి చేతకావాలో తేలుతుంది.

రెండవది జోడింపు. ప్రాసెసర్ వెనుక గుండ్రని అయిదు సూదుల మిడి ఇన్ సాకెట్టు ఉన్నదా? అయితే కంట్రోలర్‌కు అటువంటిదే మిడి అవుట్ ఉండాలి. కొన్ని కొత్త కంట్రోలర్‌లకు యూఎస్‌బీ ఒక్కటే ఉంటుంది. అది సాధారణంగా కంప్యూటరుకు తగిలించడానికి ఉద్దేశించినది. రెండు పరికరాలకూ యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నంత మాత్రాన, మధ్యలో కంప్యూటరు లేకుండా అవి మాట్లాడుకుంటాయని అనుకోవద్దు. మరికొన్నింటిలో ఇయర్‌ఫోను పిన్ను వంటి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది. దీనికి 2018లో ప్రమాణం ఏర్పడినది, దానిని టైప్ ఏ అంటారు. అంతకుముందు కొందరు తీగలను తారుమారుగా కలిపారు. రెండువైపులా ఒకే రకం కాకపోతే మాట అందదు.

మూడవది బొత్తాముల సంఖ్య. ఎక్కువ ఉంటే మంచిదని అందరమూ అనుకుంటాము. బేరింజర్ వారి ఎఫ్‌సీబీ1010 వంటి పెద్ద కంట్రోలర్‌లో పది బొత్తాములు, బ్యాంకులు మార్చే మరి రెండు, పాదంతో ఆడించే ఎక్స్‌ప్రెషన్ పెడళ్ళు రెండు ఉంటాయి. వేదికమీద వాయించేవారికి అది అక్కరకు వస్తుంది. గదిలో సాధన చేసుకునే అమ్మాయికి నాలుగో ఆరో చాలును. కొనే ముందు నేలమీద కాగితం పరచి బొత్తాముల దూరాలు గీసి, బూటు వేసుకుని, తల ఎత్తి పాడుతూ నొక్కి చూడమనండి. పక్క బొత్తాము మీద కాలు పడుతుంటే ఆ కంట్రోలర్ ఆమెకు పనికిరాదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

నాలుగవది ఎక్స్‌ప్రెషన్ పెడల్. విడిగా తగిలించే పెడల్ అయితే దాని లోపలి పొటెన్షియోమీటరు జారుడు కొనను కొందరు జాక్ మొనకు కలుపుతారు, మరికొందరు మధ్య వలయానికి కలుపుతారు. కంట్రోలర్ తయారీదారు సూచించిన పెడల్‌నే కొనడం మేలు. తగిలించిన పిమ్మట కాలిబ్రేషన్ చేయండి. మడమ నొక్కితే 0, మునివేళ్ళు నొక్కితే 127 రావాలి. ప్రెషర్ ట్రాన్స్‌మిటరుకు జీరో, స్పాన్ సరిచేయడం వంటిదే ఇదీను.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా. అడాప్టరు వోల్టేజితో పాటు ధన, రుణ ధ్రువాలు కూడా మాన్యువల్‌లో చెప్పినట్లు ఉండాలి. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు.

ఇక ఆ ఉగాది నాటి గర్జనకు కారణం. మిడి భాషలో ప్రోగ్రామ్ నెంబర్లు 0 నుంచి 127 వరకు ఉంటాయి. కొందరు తయారీదారులు తెరమీద ఉన్నది ఉన్నట్లు చూపుతారు. మరికొందరు మనుషుల సౌకర్యార్థం 1 నుంచి 128 వరకు చూపుతారు. మా కంట్రోలర్ మొదటి రకం, ప్రాసెసర్ రెండవ రకం. కంట్రోలర్ 5 అని పంపినది. ప్రాసెసర్ దానిని తన లెక్కలో ఆరవదిగా గ్రహించి డిస్టార్షన్ తెరిచినది. రెండు పరికరాలూ తమ తమ ధర్మం తప్పలేదు, కుర్రవాడూ తప్పలేదు. పరీక్షించడానికి రెండు రోజులు అడిగినవాడు అతడే, ఆ రెండు రోజులు ఇవ్వనివారము మేము.

మర్నాడు సాయంత్రం అప్రెంటిస్ హాస్టలుకు వెళ్ళి ఆ మాట అతనితో అన్నాము. పదిమంది ఎదుట గద్దించినందున, క్లబ్బు సమావేశంలో పదిమంది ఎదుటనే మళ్ళీ చెప్పాము. ముప్పై ఏళ్ళ సర్వీసులో పైఅధికారులకు ఎన్నో సంజాయిషీలు వ్రాశాము గానీ, ఒక అప్రెంటిస్‌కు సంజాయిషీ చెప్పడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టం కాలేదు. అయిదవ బొత్తానికి 4 అనే అంకె ఇవ్వగా సమస్య తీరినది. ఆ పని ఒక నిమిషం కూడా పట్టలేదు. మరుసటి నెలలో ఫోర్‌మన్ గారిని కుటుంబసమేతంగా క్లబ్బుకు ఆహ్వానించి ఆ పాటను మొదటి నుంచి చివరి వరకు వినిపించాము. ఈసారి నవ్వినది ఫోర్‌మన్ గారు.

కావున ఉత్తరం వ్రాసిన మిత్రునికి మా సలహా ఇది. ముందు పట్టిక చదవండి, తరువాత సాకెట్టు చూడండి, ఆ తరువాత కాగితం మీద కాలు మోపించండి, ధర అడగడం చివరన. పరికరం వచ్చిన తరువాత ప్రతి బొత్తామునూ శబ్దం పెట్టి విననిదే వేదిక ఎక్కించవద్దు. దీపం వెలగడం పరీక్ష కాదు. అన్నిటికంటె ముఖ్యంగా, వాయించే మనిషి "ఇంకా సిద్ధంగా లేదు" అంటే ఆ మాట వినండి. మన ప్లాంటులోనూ ఆ మాట అనగలిగినవారు ఉన్నంతకాలమే మనము క్షేమము.

అమ్మాయికి మా ఆశీస్సులు. వచ్చే సంచికలో వంటింటి మిక్సీ మోటారు ఎందుకు కాలుతుందో చూద్దాము. అంతవరకు సెలవు.