అమ్మమ్మతో కలిసి బొమ్మలోకి...

గోడకు తగిలించిన బొమ్మను దూరంగా నిలబడి చూస్తాం. ఆ బొమ్మే నేల మీదికి, కప్పు మీదికి పాకి మన చుట్టూ తిరగడం మొదలుపెడితే? డిజిటల్ ఆర్ట్ మ్యూజియాల్లో జరిగేది అదే. పెద్ద హాల్లో చాలా ప్రొజెక్టర్లు పెట్టి, ఒకదాని వెలుగు ఇంకోదానితో అతుకు కనబడకుండా కలిసేలా కంప్యూటర్‌తో సరిచేస్తారు. సెన్సర్లు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! మనం కదిలితే బొమ్మా కదులుతుంది.

తెలుగువాళ్లకి ఇది మరీ కొత్త సంగతేం కాదు. తెల్లటి తెర వెనక దీపం పెట్టి, రంగులద్దిన తోలులోంచి వెలుగు పంపి రావణుడి పది తలల్నీ ఆడించినవాళ్లం. లేపాక్షి వీరభద్రాలయంలో తలెత్తితే కప్పంతా బొమ్మలే. కాకపోతే తోలుబొమ్మలాటలో వెలుగు తెర దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడది మన ఒంటి మీద కూడా పడుతోంది.

చిక్కంతా అక్కడే. మామూలు మ్యూజియాన్ని కళ్లతో చూస్తే చాలు. దీన్ని మాత్రం కాళ్లూ, చెవులూ, తలా అన్నీ తట్టుకోవాలి. అందుకే ప్లాను వేసేటప్పుడు ఇంట్లో హుషారుగా ఉండే కుర్రాణ్ని కాదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మనీ, నాలుగేళ్ల బుడతణ్నీ మనసులో పెట్టుకోవాలి. లేదంటే అంత ఖర్చు పెట్టి వెళ్లాక అందరూ లోపలికి, అమ్మమ్మ మాత్రం బయట సంచుల కాపలాకి!

సికింద్రాబాద్‌లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడో, టూరు ప్యాకేజీలోనో ఇలాంటి మ్యూజియం తగులుతుంది. టోక్యోలోని టొయోసులో 2018లో మొదలైన ‘టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్’నే తీసుకోండి. లోపలికి చెప్పులు లేకుండా వెళ్లాలి. ఒక గదిలో మోకాళ్ల దాకా నీళ్లు, ఆ నీళ్ల మీద ఈదే వెలుగు చేపలు. మనిషికి తగిలితే చేప పువ్వయిపోతుంది. ఇంకోచోట నేలంతా అద్దమే. చీరతో వెళ్తే కుచ్చిళ్లు తడుస్తాయి, అద్దాల నేల మీద ఇబ్బంది వేరే. మోకాళ్ల పైకి మడవగల వదులు ప్యాంటో, సల్వారో మేలు. టికెట్లకి ప్రవేశ వేళ రాసి ఉంటుంది కాబట్టి ముందే కొనుక్కోవాలి.

పారిస్‌లో పాత ఇనుప ఫౌండ్రీని మార్చి 2018లోనే తెరిచిన ‘అతెలియే దె లూమియేర్’లో ఈ నీళ్ల గొడవ లేదు. కానీ చీకటి హాల్లో చుట్టూ బొమ్మలు తిరుగుతుంటే నిలబడ్డవాళ్లకి తల తిరగొచ్చు. అలాంటిచోట గోడ పక్కన కూర్చుని ఒకేవైపు చూస్తే కుదుటపడుతుంది.

ఇంత దూరం వెళ్లేముందు మన ఊళ్లోనే ఓ రిహార్సల్ వేసుకోవచ్చు. నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియం ఉండనే ఉంది. గుండ్రటి కప్పంతా నక్షత్రాలు కదులుతుంటే అమ్మమ్మకి ఎలా ఉందో, చీకటికి చంటాడు ఏడుస్తాడో లేదో అక్కడే తెలిసిపోతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో 2024లో నీటి తెరపై కోహినూర్ కథ చెప్పే లేజర్ ప్రదర్శన మొదలైంది. పార్కు పేరుతో ఎంఎంటీఎస్ స్టేషనే ఉంది. ఆటల వేళలు కనుక్కుని బయల్దేరితే సరి. పెద్ద శబ్దాలు ఎవరికి పడవో ఆ సాయంత్రమే బయటపడుతుంది.

టికెట్టు కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. లోపల కూర్చోడానికి బెంచీలున్నాయా? చక్రాల కుర్చీ అన్ని గదుల్లోకీ వెళ్తుందా? మధ్యలో బయటికొచ్చి మళ్లీ వెళ్లనిస్తారా? వెలుగు గబగబా మినుకుమనే గదులున్నాయా? మూర్ఛ జబ్బున్నవాళ్లకి అలాంటి వెలుగు ప్రమాదం. మైగ్రేన్ ఉన్నవాళ్లకీ పడకపోవచ్చు. డాక్టరును అడక్కుండా తీసుకెళ్లొద్దు. వీలైతే సెలవు రోజు కాకుండా మామూలు రోజున, పొద్దున్నే మొదటి వేళకి వెళ్లండి. తోపులాట తక్కువ.

ఇంకో మాట. వాన్‌గో బొమ్మల ప్రదర్శన అనగానే అసలు బొమ్మలు ఉంటాయనుకుంటారు. ఉండవు. ఆయన 1889లో గీసిన ‘స్టారీ నైట్’ న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. దాని వెడల్పు 92 సెంటీమీటర్లే. మన హాల్లో టీవీ అంతే! ఆ చిన్న బొమ్మని గోడంత చేసి కదిలిస్తారన్నమాట. వెళ్లే ముందురోజు రాత్రి పుస్తకంలో ఆ బొమ్మ చూపించి, గీసినాయన కథ చెబితే పెద్దవాళ్లకీ పిల్లలకీ లోపల ఏం జరుగుతోందో అర్థమవుతుంది. ఫోన్లు మాత్రం కాసేపు జేబుల్లోనే ఉండనివ్వండి. ప్రదర్శన మళ్లీ మళ్లీ మొదటికొస్తుంటే, మొదటిసారి చూడ్డానికి, రెండోసారి ఫొటోలకి.

అమ్మమ్మని ఇంటి దగ్గర వదిలేసి వెళ్లడం తేలికే. కానీ పల్లెలో తెల్లవార్లూ మేలుకుని తోలుబొమ్మలాట చూసిన తరం అది. దీపం వెలుగులో బొమ్మ ఎలా ప్రాణం పోసుకుంటుందో మనవలకి చెప్పగలిగేది ఆవిడే. ఆవిడకో కుర్చీ దొరికే చోటు వెతికి, ఆ తర్వాతే టికెట్లు తీసుకోండి.