ఉన్నది వేరు, ఉండాల్సింది వేరు

ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని రాసి, సాధారణ అమరికలో దాన్ని తేదీగా మార్చి చూడండి. 1900 ఫిబ్రవరి 29 అని కనిపిస్తుంది. నిజానికి అలాంటి రోజే లేదు. శతాబ్దపు సంవత్సరం లీపు సంవత్సరం కావాలంటే దాన్ని 400 నిశ్శేషంగా భాగించాలి. 2000కు ఆ అర్హత ఉంది, 1900కు లేదు.

ఈ తప్పు అంతకుముందే వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌లో ఉంది. ఆ ఫైళ్లు ఎక్సెల్‌లోనూ సరిగ్గా తెరుచుకోవాలని మైక్రోసాఫ్ట్ తెలిసే దాన్ని కొనసాగించింది. ఇప్పుడు దిద్దితే పాత పట్టికల్లోని తేదీలు ఒక రోజు అటూ ఇటూ అవుతాయి.

ఇలాంటి ప్రోగ్రామ్‌కు ‘60 ఇస్తే ఫిబ్రవరి 29 రావాలి’ అని ఒక పరీక్ష రాశారనుకుందాం. కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్‌కు అది నియమంలా కనిపిస్తుంది, రాజీ అని తెలియదు. పాత కోడ్‌ను మార్చేముందు, అది ప్రస్తుతం ఇచ్చే ఫలితాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసే ఇలాంటి పరీక్షలను మైకేల్ ఫెదర్స్ 2004లో వెలువడిన తన పుస్తకంలో ‘క్యారెక్టరైజేషన్ టెస్ట్’లు అన్నారు. మార్పులు చేస్తున్నప్పుడు ప్రవర్తన పొరపాటున మారితే ఇవి వెంటనే పట్టిస్తాయి. అయితే ఆ ప్రవర్తన సరైనదేనని మాత్రం ఇవి చెప్పవు.

ఇంటర్ ప్రయోగశాలలో స్క్రూగేజి పట్టుకున్న విద్యార్థి ముందుగా శూన్యాంశ దోషాన్ని రాసుకుంటాడు. పరికరాన్ని బాగుచేయడు, దోషాన్ని కొలతలో కలిపేసి దాచనూ దాచడు. సాఫ్ట్‌వేర్‌కూ ఈ క్రమశిక్షణ అవసరం.

అందుకే ఇలాంటి ప్రతి పరీక్షకూ ‘ఇది ప్రస్తుత ప్రవర్తన మాత్రమే, సరైనదని నిర్ధారించలేదు’ అనే గుర్తు తప్పనిసరి కావాలి. ఎప్పుడు, ఎందుకు నమోదు చేశారో కూడా రాయాలి. వ్యాఖ్యలను ఎవరూ చదవరనే అభ్యంతరం నిజమే. కాబట్టి ఆ గుర్తు పరీక్ష పేరులోనే ఉండాలి. అప్పుడు పరీక్ష విఫలమైన క్షణంలోనే అది కంటబడుతుంది. నియమాన్ని చెప్పే పరీక్ష విఫలమైతే ముందుగా కోడ్‌ను అనుమానించాలి. నమోదు పరీక్ష విఫలమైతే, పాత ఫలితంపై ఎవరు ఆధారపడ్డారో ముందు కనుక్కోవాలి.

ఏఐ సాధనాలు ఉన్న కోడ్‌ను చదివి పరీక్షలు రాస్తున్న ఈ రోజుల్లో ఈ గుర్తు మరింత ముఖ్యం. ఉద్దేశం ఏమిటో చెప్పకపోతే, కోడ్‌లోని తప్పునే అవి సరైన జవాబుగా నమోదు చేయవచ్చు. వడ్డీనో పింఛనునో లెక్కించే ప్రోగ్రామ్‌లో అలా జరిగితే, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది సామాన్యుడే.