తూకానికి వేసేముందు ఆగండి

స్టోర్‌రూమ్‌లు ఖాళీ చేయించే హెడ్‌మాస్టర్లు, ప్రిన్సిపాళ్లు ముందు ఈ మాట వినాలి. ఖానాపూర్‌లో గానీ, నిర్మల్, ఉట్నూరు వైపు గానీ కండెమ్ జాబితాలో ‘పాత కంప్యూటర్’ అనే వరుస కనిపిస్తే వెంటనే సంతకం పెట్టకండి. వెళ్లి చూడండి. లేత గోధుమ రంగు పెట్టె, నల్లటి కీబోర్డు, పైవరుసలో పది ఎర్రటి కీలు ఉంటే అది బీబీసీ మైక్రో. బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద కేంద్రం మొదటి విడతలో 250 బడులకు పంపింది ఈ యంత్రాన్నే. ‘యూనికార్న్’ అని రాసి ఉన్నా వదలకండి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అదే యంత్రానికి పెట్టిన పేరది. పాత ఇనుప సామాను లెక్కన అమ్మితే స్టాఫ్‌రూమ్ చాయ్ ఖర్చు కూడా రాదు.

‘అదే మిషన్ ఇప్పుడు బ్రౌజర్‌లో నడుస్తోంది కదా సార్, ఈ డబ్బా ఎందుకు?’ అని కంప్యూటర్ తెలిసినవాళ్లే అడుగుతారు. అసలు ప్రమాదం ఆ ధీమాలోనే ఉంది. పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్, అంటే ఎమ్యులేటర్, తెర మీద బొమ్మ వచ్చినంత మాత్రాన లోపల లెక్క కుదిరినట్టు కాదు.

ఒక్క కూడిక చూడండి. బీబీసీ మైక్రోలోని 6502 ప్రాసెసర్ చిప్‌ను డెసిమల్ పద్ధతిలో పెట్టి 99కి 1 కలిపితే 00 వస్తుంది, క్యారీ ఫ్లాగ్ లేస్తుంది. జవాబు సున్నా అని చెప్పాల్సిన జీరో ఫ్లాగ్ మాత్రం లేవదు. దశాంశంగా సరిదిద్దక ముందున్న మొత్తాన్ని బట్టే ఆ చిప్ జీరో ఫ్లాగ్‌ను నిర్ణయిస్తుంది. తర్వాత వచ్చిన 65సీ02లో ఈ లోపాన్ని దిద్దారు. కాబట్టి బీబీసీ మైక్రోనని చెప్పుకుంటూ ఇక్కడ జీరో ఫ్లాగ్ లేపే ఎమ్యులేటర్, లెక్కల మాస్టారు మెచ్చుకున్నా సరే, అబద్ధం చెప్తున్నట్టే.

కాలం లెక్క ఇంకా కష్టం. ఈ ప్రాసెసర్ వేగం 2 మెగాహెర్ట్జ్. టైమర్లున్న 6522 చిప్‌ను తాకినప్పుడల్లా 1 మెగాహెర్ట్జ్ గడియారంతో కలవడానికి కాసేపు ఆగుతుంది. కెవిన్ ఎడ్వర్డ్స్ అనే ప్రోగ్రామర్ ఆటలకు రాసిన కాపీ రక్షణ ఆ టైమర్ల అంకెలతోనే తన కోడ్‌ను విప్పుకునేది. గడియారంలో ఒక్క సైకిల్ తేడా వచ్చినా ఆట లోడ్ కాదు. బ్రౌజర్‌లో నడిచే జేఎస్‌బీబ్ ఎమ్యులేటర్‌ను రాసిన మ్యాట్ గాడ్‌బోల్ట్ ఆ రక్షణతో గట్టిగానే కుస్తీ పట్టాల్సి వచ్చింది. 6502 ఎమ్యులేటర్లకు అందరూ వాడే క్లౌస్ డార్మన్ రాసిన ఫంక్షనల్ టెస్ట్ ఉంది గానీ, అది సూచనల ఫలితాన్నే చూస్తుంది, ఎన్ని సైకిళ్లు పట్టాయో చూడదు. ‘టెస్ట్ పాస్’ అంటే సగం మాటే.

రెండు ఎమ్యులేటర్లు చెరో జవాబు ఇస్తే తీర్పు చెప్పేది అసలు యంత్రం. బ్రిటన్‌లో అలాంటివి చాలా ఉన్నాయి, నిజమే. మన సార్లు, పిల్లలు క్యాసెట్లలో, ఫ్లాపీల్లో దాచిన ప్రోగ్రాములు మాత్రం అక్కడ దొరకవు.

ఇక రెండో హెచ్చరిక, ఇది ప్రాణాలకు సంబంధించింది: దొరికిన సంబరంలో ప్లగ్గు పెట్టకండి. పవర్ సప్లైలోని రీఫా రకం కెపాసిటర్ల పైపూత ఏళ్ల తరబడి పగుళ్లు పడి, లోపలి కాగితం చెమ్మ పీల్చి ఉంటుంది. గోదావరి పక్క ఊళ్లలో ఆ చెమ్మకు కరువు లేదు. 230 వోల్టులు తగలగానే పేలి, గది నిండా ఘాటైన పొగ కమ్ముకోవచ్చు. పవర్ సప్లైల మీద పనిచేసిన మెకానిక్‌తో ముందు వాటిని మార్పించండి. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టడం ఇంకో పొరపాటు. అది హెడ్‌ను పాడుచేసి, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీలను కూడా గీస్తుంది.

యంత్రం లేచాక ముందుగా రోమ్ చిప్‌ల నకలు తీయించండి. ఆ తర్వాత ఫ్లాపీలు, క్యాసెట్లు. అప్పుడు ఒకే ప్రోగ్రామ్‌ను యంత్రంలోనూ ఎమ్యులేటర్‌లోనూ నడిపి, రెండు తెరల ఫొటోలు తీయండి. తేడా కనిపిస్తే ప్రోగ్రామ్‌తో సహా ఆ ఎమ్యులేటర్ రాసేవాళ్లకు పంపండి. జేఎస్‌బీబ్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. మన పిల్లల్లో ఒకరు దాన్ని నేరుగా దిద్ది పంపినా తీసుకుంటారు.