386వ పేరాలో మిగతా సగం

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడిచిన రోజుల్లో ఉస్మానియా క్యాంపస్‌లో చదివినవాళ్లను కదిలించి చూడండి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై ఫజల్ అలీ కమిషన్ ఇచ్చిన నివేదికలో 386వ పేరా ఏమంటుందో పుస్తకం తెరవకుండానే చెబుతారు. 1955 సెప్టెంబరులో కేంద్రానికి అందిన ఆ నివేదిక తెలంగాణను హైదరాబాద్ పేరుతో విడి రాష్ట్రంగా ఉంచమంది. అక్కడే ఇంకో మాట కూడా ఉంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలవవచ్చునని. మా తెలంగాణవాదుల సభల్లో మొదటి సగమే మైకులో మోగేది. సమైక్యవాదులు అదే పుస్తకంలో రెండాకులు వెనక్కి వెళ్లేవారు. ఆంధ్ర, తెలంగాణ కలిసి విశాలాంధ్ర ఏర్పడితే కృష్ణా, గోదావరి జలాల వినియోగం సులువవుతుందని, ఆంధ్రకు రాజధాని చిక్కు తీరుతుందని కమిషన్ ఒప్పుకున్న చోట చదివి, సిఫారసు దాకా రాకుండానే పుస్తకం మూసేసేవారు.

రెండు పక్షాల్లో ఎవరూ నివేదికలో లేనిది చెప్పలేదు. సగమే చెబుతున్నారని పట్టుకోవడం కష్టమయింది అందుకే.

అలాగని దొందూ దొందే అనేయను. విశాలాంధ్ర లాభాలు కమిషన్ ఆలోచనలో దారిలో వచ్చిన మజిలీ, విడి రాష్ట్రం అది చేరిన ఊరు. షరతును మింగేయడం తప్పే. తీర్పునే మింగేయడం అంతకన్నా పెద్ద తప్పు. తెలంగాణవాదిని కాబట్టి ఇలా తూచానని అనుమానం వస్తే నివేదిక దొరకనిదేమీ కాదు, తీసి చదువుకోవచ్చు.

ఆ రోజుల్లో మనం మార్కులు వేసింది మాత్రం వేరేవాటికి. స్టూడియోలో ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని, 'మిత్రుడి అభిప్రాయాన్ని గౌరవిస్తూనే' అని మొదలుపెట్టి, సగం పేరా చదివి చిరునవ్వు నవ్వినాయన హుందాగల వక్త. ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర గొంతు చించుకున్న కుర్రాడు ఆవేశపరుడు. ఆ క్యాంపస్ పక్కనే తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు, ఒకప్పటి తోటల చుట్టూ వేసిన కంచె వల్లే దానికి ఆ పేరొచ్చిందని అంటారు. 2009 డిసెంబరు తర్వాత పోలీసుల ముళ్లకంచెలు ఆ పేరును మళ్లీ నిజం చేశాయి. బాష్పవాయువుకు కళ్లు మండుతున్నవాడు మెల్లగా మాట్లాడలేదని వాడి నిజాయితీని శంకించడం ఏ లెక్క? ఇప్పటికీ మన సంస్థలకు ముందు వినపడేది చప్పుడే. 2025 మార్చిలో విభాగాల ఆవరణల్లో ధర్నాలు, నినాదాలు వద్దంటూ ఉస్మానియా ఇచ్చిన సర్క్యులర్ చూడండి. అయితే ఆవేశం కూడా రుజువు కాదు. కన్నీళ్లు పెట్టుకుని మరీ తప్పుడు లెక్కలు చెప్పినవాళ్లు మా వేదికల మీదా ఉన్నారు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఈ విషయంలో మన పాత తర్కశాస్త్రం మనకంటే తెలివైనది. గౌతముడి న్యాయసూత్రాలు వాదంలో ఓడినట్టు లెక్కపెట్టే సందర్భాలను 22గా చెప్పి, నిగ్రహస్థానాలని పేరు పెట్టాయి. గొంతు పెంచడం వాటిలో లేదు. అసలు సంగతి వదిలి వేరే సంగతి ఎత్తుకోవడం ఉంది, దాని పేరు అర్థాంతరం. ప్రతిజ్ఞను మధ్యలో మార్చడం ఉంది. నాకు బాగా నచ్చింది అననుభాషణం: ఎదుటివాడు మూడుసార్లు చెప్పినా అతని మాటను తిరిగి అప్పజెప్పలేకపోతే ఓడినట్టే. ఈ ఒక్క నియమం పెడితే మన రాత్రి తొమ్మిది గంటల చర్చలు పది నిమిషాల్లో ముగుస్తాయి. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ వ్యాసాలు చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఖండించబోయే వాదనకు ముందు దాని బలమంతా ఇచ్చేవారు. ఆయన 2009 అక్టోబరులో పోయారు. రెండు నెలలకే తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్న కేంద్రం డిసెంబరు 9 ప్రకటన, ఆ వెనక హోరు.

తప్పుకూ అబద్ధానికీ తేడా తేల్చడానికి నేను రెండోసారి కోసం చూస్తాను. ఉద్యోగాల లెక్కో, నీళ్ల లెక్కో వేడిలో తప్పు చెప్పడం ఎవరికైనా జరుగుతుంది. ఎదుటివాడు కాగితం చూపించి సరిదిద్దాక, మర్నాడు ఇంకో ఛానల్‌లో అదే లెక్క అదే ధీమాతో చెబితే అది పొరపాటు కాదు.

ఇక తీర్పరుల సంగతి. తెలంగాణ విషయం తేల్చడానికి కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న ఆరు ప్రత్యామ్నాయాలతో నివేదిక ఇచ్చింది. ఎవరికి నచ్చిన అంకె వాళ్లు పట్టుకుని ఊరేగారు, అది మామూలే. కానీ శాంతిభద్రతల మీది ఎనిమిదో అధ్యాయాన్ని కమిటీ సీల్డ్ కవర్‌లో విడిగా అందజేసింది. 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టమంటూ, అందులోని భాగాలను తీర్పులోనే ప్రస్తావించారు. మీడియాను ఎలా దారికి తెచ్చుకోవాలన్న సలహా కూడా అందులో ఉందని అప్పుడు తెలిసింది. రెండు పక్షాలూ దాపరికం లేకుండా మాట్లాడాయా అని తూచాల్సిన తక్కెడే ఒక పళ్లాన్ని గుడ్డ కింద ఉంచింది.

నేనూ ఒకసారి తీర్పరి కుర్చీలో కూర్చున్నాను. 2013లో క్యాంపస్‌కు దగ్గర్లోని ఒక కాలేజీలో వక్తృత్వ పోటీ. చేతికిచ్చిన కాగితంలో ఉచ్చారణ, హావభావాలు, విషయ పరిజ్ఞానం, సమయపాలన అని నాలుగు గడులు. ఒక కుర్రాడు జిరాక్స్ కాగితం తీసి 386వ పేరా మొదలుపెట్టాడు. విడి రాష్ట్రం దగ్గర హాలు దద్దరిల్లింది. అతను చెయ్యెత్తి చప్పట్లు ఆపి, 1961 షరతు కూడా చదవడం మొదలుపెట్టాడు. సగంలో బెల్లు మోగింది. అయినా ఆపకుండా చివరిదాకా చదివాడు. సమయపాలనలో మూడు మార్కులు కోశాను. మొదటి బహుమతి వేరే అబ్బాయికి వెళ్లింది.

సాయంత్రం తార్నాక చౌరస్తాలో చాయ్ దగ్గర కనిపించాడు. 'సార్, గా ముక్క ఇడిసిపెడితే నేనే గెలుస్తుంటి గదా' అన్నాడు నవ్వుతూ.

అవునన్నాను.