అక్క బ్యాడ్జీ, అక్క స్కూటీ

మా పెద్దమ్మ కూతురు ఎక్స్‌రే టెక్నీషియన్. మొన్న పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అంతా నచ్చిందన్నారు కానీ, "ఆ రేడియేషన్ ఉద్యోగం మానేస్తే బాగుంటుంది" అని మెలిక పెట్టారు. పిల్లలు పుట్టరేమోనని భయమట. అక్క ఏమీ అనకుండా కాఫీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. నాకే ఒళ్ళు మండింది.

(రేడియేషన్‌ని తెలుగులో వికిరణం అంటారట. మా హాస్టల్లో ఎవరికీ అర్థం కాలేదు, అందుకే అలాగే ఉంచేస్తున్నా.)

అక్క డ్యూటీలో ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపి, ఎంత డోసు తగిలిందో చూస్తారు. పోయిన ఏడాది మొత్తం 0.6 మిల్లీసీవర్ట్‌లు. మన దేశంలో ఈ పనివాళ్ళకి పరిమితి ఐదేళ్ళకి 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అసలు నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఊరికే తగిలేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4. పిల్లలు పుట్టకుండా పోవాలంటే ఆడవాళ్ళకి వేల మిల్లీసీవర్ట్‌లు తగలాలి.

మరి కాన్సర్? వెయ్యి మిల్లీసీవర్ట్‌లకి ప్రాణం తీసే కాన్సర్ ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని లెక్కేస్తారు. ఆ లెక్కన అక్క ఏడాది డోసుకి జీవితం మొత్తంమీద లక్షలో ముగ్గురు. 2022లో మన రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అంటే ఒక్క ఏడాదిలోనే లక్షకి పన్నెండు మంది. అక్క రోజూ హైవే మీద పద్నాలుగు కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్తుంది, హెల్మెట్ లేకుండా. దాని గురించి పెళ్ళివాళ్ళు అడగలేదు. నిజం చెప్పాలంటే మేమూ ఎప్పుడూ అడగలేదు.

ఇదంతా ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసి గొప్పగా చూపించాను. అక్క నవ్వలేదు. "ఒరేయ్, ఈ గ్రాఫ్ మా ఆస్పత్రివాళ్ళకి మాత్రం చూపించకు. లెడ్ ఏప్రన్ పగిలింది, మార్చండి అని ఆర్నెల్లుగా అడుగుతున్నా. రోడ్డు కంటే ఇదే నయం కదా అంటారు" అంది.

అది నాకు తట్టలేదు. 2010లో ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారులో కోబాల్ట్-60 ఉన్న పాత పరికరాన్ని తెలియక విప్పారు, ఒకరు చనిపోయారు. వాళ్ళకి బ్యాడ్జీ లేదు, చెప్పినవాళ్ళూ లేరు. అక్క డోసు 0.6 దగ్గర ఆగిందంటే ఆ ఏప్రన్లూ, ఆ కొలతలూ ఉండబట్టే. రోడ్డుతో పోలిక భయపడేవాళ్ళకి చెప్పాలి, ఖర్చు తప్పించుకునేవాళ్ళకి కాదు.

సంబంధం వాళ్ళకి బ్యాడ్జీ రిపోర్టు ఫోటో పంపుదామన్నాను. "మార్కుల లిస్టా?" అని కసిరింది. ఏప్రన్ ఇంకా రాలేదు. హెల్మెట్ మాత్రం కొనుక్కుంది, ఐఎస్ఐ మార్కుది.